పదిహేనేళ్ల కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు: నా అనుభవం

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుందనీ, ఆలోగానే ఫారం 25తో దరఖాస్తు చేయాలనీ తెలిసి కూడా, ఆర్‌సీ మీది తేదీని నేను రెండు నెలలు ఆలస్యంగా చూసుకున్నాను. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఆలస్యానికి నెలకు 500 చొప్పున మరో వెయ్యి కట్టాను. పాత బండ్లపై వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు.

డబ్బు కంటే తనిఖీయే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కారు చట్రం మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు చదవడానికి వీలుగా లేదని ఇన్‌స్పెక్టరు బండిని తిప్పి పంపారు. ఇంటికొచ్చి ముందు సీటు కింది మ్యాట్ ఎత్తి చూస్తే, ఇన్నేళ్ల మట్టీ తుప్పూ కలిసి అంకెలను పూడ్చేశాయి. ఇనుప బ్రష్‌తో గీకితే అంకెలు అరిగి, నంబరు దిద్దారన్న అనుమానం వస్తుందని మెకానిక్ హెచ్చరించడంతో, కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో అరగంట ఓపిగ్గా తుడిచాను. ఆపైన పలచని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే, ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాలూ అంకెలూ వరుసగా పడ్డాయి. ఆ కాగితం చూసి నాకు కలిగిన సంతోషం కారు కొన్న రోజున కూడా కలగలేదు.

ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్లతో మళ్లీ వెళ్తే తనిఖీ పది నిమిషాల్లో ముగిసి, రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించారు.