కోడ్‌తో టెక్స్ట్ లేయర్లన్నీ ఒకేసారి మార్చేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో ఒక మాట నాలుగు చోట్ల మార్చాలంటే చేత్తో మార్చేస్తాం. నాలుగు వందల చోట్ల మార్చాలంటే ఫిగ్మా లోపల నడిచే ప్లగిన్ కోడ్ రాయాల్సిందే. చూడ్డానికి పది లైన్ల పని: టెక్స్ట్ లేయర్లు వెతకడం, ఒక్కోదాని టెక్స్ట్ ఉండే క్యారెక్టర్స్‌లో కొత్త మాట పెట్టడం. కానీ టెక్స్ట్ లేయర్ అంటే ఒట్టి అక్షరాల వరస కాదు. దానికి ఫాంట్ ఉంటుంది, ముక్కముక్కకీ స్టైల్ ఉంటుంది, ఒక పేరు ఉంటుంది, చాలాసార్లు మళ్లీమళ్లీ వాడుకునేలా చేసిన ఏదో కాంపొనెంట్‌తో ముడిపడి ఉంటుంది. వీటిలో దేన్ని మరిచిపోయినా కోడ్ ఏదో ఒక చోట దెబ్బతింటుంది.

బయటి ప్రోగ్రాం నుంచి ఫిగ్మాతో మాట్లాడే రెస్ట్ ఏపీఐతో చేద్దామనుకుంటే మాత్రం అక్కడే ఆగండి. దానితో ఫైల్‌లోని టెక్స్ట్ చదవొచ్చు గానీ మార్చలేం. మార్చాలంటే ప్లగిన్ ఏపీఐ వైపే రావాలి.

"ఫాంట్ లోడ్ కాలేదు" అని ఎర్రర్ వస్తోంది

అందరికీ మొదట తగిలేది ఇదే. లేయర్ రంగు మారిస్తే మారుతుంది, అక్షరాలు మారిస్తే ఎర్రర్. దీంతో ఏం జరుగుతోందో తెలియక టెన్షన్ పడతాం. కారణం చిన్నదే. రంగు మారినంత మాత్రాన అక్షరాల కొలతలు మారవు. అక్షరాలు మారితే వెడల్పు, లైన్లు అన్నీ మళ్లీ లెక్కకట్టాలి, దానికి ఫాంట్ చేతిలో ఉండాలి. అందుకే రాసే ముందు లోడ్ ఫాంట్ ఎసింక్‌ని పిలిచి, అది పూర్తయ్యేదాకా అవెయిట్‌తో ఆగాలి. ప్లగిన్ నడిపిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

ఇక్కడ చాలామంది ఫాంట్ పేరు చేత్తో టైప్ చేస్తారు. చేయకండి. ఇంటర్ ఫాంట్‌లో "సెమీ బోల్డ్" స్టైల్ పేరు మధ్యలో ఖాళీతో ఉంటుంది, వేరే ఫాంట్లలో ఖాళీ లేకుండా ఉండొచ్చు. ఆ ఒక్క ఖాళీ తేడాకే ఫాంట్ దొరకదు. లేయర్‌లోని ఫాంట్ నేమ్‌ని చదివి, దాన్నే లోడ్ చేయండి.

అలా చేశాక కూడా కొన్ని లేయర్ల దగ్గర మాత్రం "ఆబ్జెక్ట్ కావాలి, సింబల్ వచ్చింది" అనే తరహా ఎర్రర్ వస్తే, ఆ లేయర్‌లో ఒకటికంటే ఎక్కువ ఫాంట్లున్నాయని అర్థం. అప్పుడు ఫాంట్ నేమ్ మనకు ఫాంట్ బదులు ఫిగ్మా డాట్ మిక్స్‌డ్ అనే గుర్తునిస్తుంది. గెట్ రేంజ్ ఆల్ ఫాంట్ నేమ్స్‌తో మొదటి అక్షరం నుంచి చివరిదాకా అడిగి, వచ్చిన ఫాంట్లన్నీ లోడ్ చేయాలి. లేయర్ ఖాళీగా ఉంటే అడగడానికి రేంజే లేదు కాబట్టి ఫాంట్ నేమ్‌నే నేరుగా వాడండి.

ఇంకా మొరాయిస్తోందా? హ్యాజ్ మిస్సింగ్ ఫాంట్ చూడండి. అది నిజమని వస్తే ఆ ఫాంట్ మీకు అందుబాటులో లేదు. ఈ లోడింగ్ ఇంటర్నెట్ నుంచి ఫాంట్ వెతికి తేదు, మీ అకౌంట్‌లోనో సిస్టమ్‌లోనో ఇప్పటికే ఉన్నదాన్ని ప్లగిన్‌కి అందిస్తుంది, అంతే. అలాంటి లేయర్లను వదిలేసి, వాటి పేర్లు ఒక జాబితాగా చూపించండి. చెప్పకుండా వదిలేయడం మాత్రం తప్పు. మర్నాడు ఆ పాత మాట ఎవరికో కనబడుతుంది.

సగం మారాయి, సగం మారలేదు

ఎర్రర్ కూడా రాలేదంటే ముందు లేయర్లను ఒక్కోటిగా తిరిగే ఫర్ ఈచ్‌ని అనుమానించండి. దాని లోపల ఎసింక్ ఫంక్షన్ పెట్టినా అది దేనికోసమూ ఆగదు. లూప్ క్షణంలో అయిపోతుంది, కింది లైన్‌లో ఉన్న క్లోజ్ ప్లగిన్ నడిచేస్తుంది, ఇంకా లోడ్ అవుతున్న ఫాంట్ల తాలూకు పని అక్కడే ఆగిపోతుంది. ఫర్ ఆఫ్ లూప్‌లోకి మార్చి లోపల అవెయిట్ పెడితే సరిపోతుంది. అంతకంటే మంచి పద్ధతి ఇంకోటుంది: ముందు అన్ని లేయర్లూ తిరిగి వేర్వేరు ఫాంట్ల పట్టిక తయారు చేసి, ప్రామిస్ డాట్ ఆల్‌తో అన్నిటినీ ఒకేసారి లోడ్ చేసి, తర్వాత రాయడం. వెయ్యి లేయర్లున్నా ఫాంట్లు మాత్రం సాధారణంగా కొన్నే ఉంటాయి, కాబట్టి వేగంగానూ అవుతుంది.

మాట మారింది, బోల్డ్ పోయింది

ఒక లేయర్‌లో "గడువు: 7 రోజులు" అని ఉంది, అందులో "7 రోజులు" మాత్రం బోల్డ్ అనుకుందాం. రీప్లేస్‌తో 7ని 10 చేసి, మొత్తం వాక్యాన్ని క్యారెక్టర్స్‌లో పెడితే లేయరంతా మొదటి అక్షరం స్టైల్‌లోకి వెళ్లిపోతుంది. బోల్డ్ ఉండదు, మధ్యలో లింక్ ఉంటే అదీ ఉండదు. ఇది ఎర్రర్ కన్నా ప్రమాదం, ఎందుకంటే కోడ్ విజయవంతంగా ముగిసిందనే చెబుతుంది.

లేయర్ మొత్తాన్ని కాకుండా మారాల్సిన ముక్కనే మార్చాలి. అందుకు ఇన్సర్ట్ క్యారెక్టర్స్, డిలీట్ క్యారెక్టర్స్ ఉన్నాయి. వరస ముఖ్యం. పాత ముక్క ఎక్కడ ముగుస్తుందో ఆ స్థానంలో ముందు కొత్త ముక్కని చొప్పించండి. చొప్పించే అక్షరాలు తమ ముందున్న అక్షరం స్టైల్‌ని తీసుకునేలా "బిఫోర్" అని చెప్పొచ్చు. అంటే 7 పక్కన పడ్డ 10 కూడా బోల్డ్‌గానే వస్తుంది. ఆ తర్వాతే 7ని తీసేయండి. ముందే తీసేస్తే స్టైల్ అరువిచ్చే అక్షరం ఉండదు. ఒకే లేయర్‌లో ఆ ముక్క మూడు చోట్ల ఉంటే చివరి దాని నుంచి వెనక్కి రండి. మొదటి నుంచి వెళ్తే ఒకటి మార్చగానే మిగతావాటి స్థానాలు జరిగిపోతాయి.

తెలుగులో ఈ స్థానాల లెక్క దగ్గర జాగ్రత్త. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్‌కి ఆరు. నాలుగో స్థానం దగ్గర కోస్తే సగం ఒత్తు ఇటు, సగం అటు పడుతుంది. స్థానాలు చేత్తో లెక్కపెట్టకుండా, వెతికిన మాట పొడవునే వాడితే ఈ ఇబ్బంది రాదు.

కళ్లెదుట ఉన్న మాట కోడ్‌కి దొరకడం లేదు

స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో కనబడే ఇంగ్లీషు బటన్ పేరు నిజంగా చిన్నక్షరాల్లో ఉండొచ్చు. టెక్స్ట్ కేస్ సెట్టింగ్ కనబడే తీరునే మారుస్తుంది, క్యారెక్టర్స్‌లో డిజైనర్ టైప్ చేసిందే ఉంటుంది. పోల్చే ముందు రెండు వైపులా చిన్నక్షరాలకు మార్చుకోండి.

రెండోది కంటికి కనబడని అక్షరాలు. వేరే చోటి నుంచి పేస్ట్ చేసిన వాక్యంలో మామూలు ఖాళీ బదులు విడగొట్టని ఖాళీ ఉండొచ్చు, దాని కోడ్ 160. షిఫ్ట్, ఎంటర్ కలిపి కొట్టిన చోట మామూలు లైన్ బ్రేక్ కాకుండా 8232 ఉంటుంది. తెలుగులో ఇంకోటి: "బటన్" అనే మాట చివర పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని గుర్తు) ఉందో లేదో ఎంత చూసినా తెలియదు. లేకపోతే పొడవు 4, ఉంటే 5. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. అనుమానం వస్తే ఆ లేయర్‌లోని ప్రతి అక్షరానికీ చార్ కోడ్ యాట్ ప్రింట్ చేసి చూడండి. 8204 కనబడితే దొంగ దొరికినట్టే. పోలిక కోసం చేసుకున్న కాపీలోంచి మాత్రమే దాన్ని తీసేయండి. అసలు టెక్స్ట్‌లోంచి అన్ని చోట్లా తీసేస్తే "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అక్షరాలు అతుక్కుపోతాయి. ఒకటి గుర్తుంచుకోండి: కాపీలో దొరికిన స్థానం అసలు టెక్స్ట్‌లో ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ అవుతుంది, రాసే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఇవేవీ కాకపోతే ఆ లేయర్ వేరే పేజీలో ఉందేమో చూడండి. కరెంట్ పేజ్‌లో వెతికితే ఆ ఒక్క పేజీయే. ఇప్పటి ప్లగిన్లలో పేజీలు అవసరమైనప్పుడే లోడ్ అవుతాయి కాబట్టి లోడ్ ఆల్ పేజెస్ ఎసింక్ పూర్తయ్యాకే మొత్తం ఫైల్ వెతకాలి.

నిన్న పనిచేసిన కోడ్ ఇవాళ ఒక్క లేయర్‌నీ పట్టుకోలేదు

దీని దగ్గర నాకు ఒక పూట పోయింది. లేయర్ పేరుతో వెతికి టెక్స్ట్ మార్చే కోడ్ రాశాను. మొదటిసారి చక్కగా నడిచింది. స్పెల్లింగ్ సరిచేసి మళ్లీ నడిపితే సున్నా. చేత్తో పేరు పెట్టని టెక్స్ట్ లేయర్‌కి దానిలోని మాటే పేరవుతుంది, మాట మారితే పేరూ మారుతుంది. ఆటో రీనేమ్ అంటే అదే. మొదటి రన్‌లోనే నా కోడ్ తను వెతకాల్సిన పేర్లన్నీ మార్చేసింది. రాసే ముందు ఆటో రీనేమ్‌ని ఫాల్స్ చేస్తే పేరు నిలుస్తుంది. అంతకంటే గట్టిది సెట్ ప్లగిన్ డేటా: లేయర్‌కి మీదైన ఒక గుర్తు తగిలిస్తారు, పేరు ఎవరు మార్చినా అది చెక్కుచెదరదు.

మెయిన్ కాంపొనెంట్ మార్చినా కొన్ని ఇన్‌స్టెన్సులు పాతవే చూపిస్తున్నాయి

ఇన్‌స్టెన్స్ అంటే మెయిన్ కాంపొనెంట్‌కి ముడిపడిన కాపీ. ఆ ఇన్‌స్టెన్సుల్లో ఎవరో టెక్స్ట్‌ని విడిగా మార్చారు. అలా విడిగా మార్చినదే ఓవర్‌రైడ్, అది ఉన్నచోట మెయిన్ మాట చెల్లదు. ఇన్‌స్టెన్స్‌లోని ఓవర్‌రైడ్స్ జాబితాలో ఏయే ఫీల్డులు మారాయో ఉంటుంది.

దీనికి కోపం వచ్చి పేజీలోని టెక్స్ట్ లేయర్లన్నిటినీ పట్టుకుని రాసేయకండి. అలా చేస్తే మెయిన్‌లో ఒకసారి, దాని ప్రతి ఇన్‌స్టెన్స్‌లో ఒకసారి రాస్తారు, అంటే ప్రతి ఇన్‌స్టెన్స్‌కీ మీరే ఓవర్‌రైడ్ తగిలించినట్టు. రేపు డిజైనర్ మెయిన్ మారిస్తే ఒక్కటీ కదలదు. పేరెంట్ల మీదుగా పైకెళ్లి ఇన్‌స్టెన్స్ తగులుతుందేమో చూసి, తగిలితే అప్పటికే ఓవర్‌రైడ్ ఉన్నవాటినే ముట్టుకోండి. టెక్స్ట్ ప్రాపర్టీగా బయటపెట్టిన మాటైతే సెట్ ప్రాపర్టీస్ వాడండి. ఆ ప్రాపర్టీ పేరు చివర హ్యాష్ గుర్తు, అంకెలు ఉంటాయి, అవి లేకుండా పిలిస్తే పలకదు. మెయిన్ కాంపొనెంట్ వేరే లైబ్రరీ ఫైల్‌ది అయితే ఇక్కణ్నుంచి దాన్ని మార్చలేం, ఆ ఫైల్‌లోనే మార్చి పబ్లిష్ చేయాలి.

ఫైల్ బిగుసుకుపోతోంది, లేదా మాటలు బాక్సు దాటుతున్నాయి

మొదటిదానికి ఫైండ్ ఆల్ బదులు ఫైండ్ ఆల్ విత్ క్రైటీరియాతో టెక్స్ట్ రకాన్నే అడగండి, స్కిప్ ఇన్‌విజిబుల్ ఇన్‌స్టెన్స్ చిల్డ్రన్‌ని ట్రూ చేయండి. ఇన్‌స్టెన్సుల్లో దాచి ఉంచిన టెక్స్ట్ కూడా మారాలంటే మాత్రం ఈ రెండోది వద్దు.

రెండోది టెక్స్ట్ ఆటో రీసైజ్‌ని బట్టి ఉంటుంది. అది నన్ అని ఉంటే బాక్సు కదలదు, కొత్త మాట బయటికి పొంగుతుంది. వెడల్పు ఎత్తు రెండూ పెరిగేలా ఉంటే పక్కనున్న ఐకాన్ మీదికి వెళ్తుంది. అన్నిటినీ ఒకే సెట్టింగ్‌లోకి తోసేస్తే లేఅవుట్ పాడవుతుంది, అందుకే నేను దీన్ని కోడ్‌కి వదలను. రాసే ముందు ప్రతి లేయర్ వెడల్పు, ఎత్తు దాచుకుంటాను. రాశాక కొలత మారినవాటినీ, బాక్సు కదలని సెట్టింగ్‌లో ఉండి మాట పొడవు పెరిగినవాటినీ సెలెక్షన్‌లో పెట్టి, స్క్రోల్ అండ్ జూమ్ ఇన్‌టు వ్యూ పిలుస్తాను. ఏ లేయర్లు చూడాలో డిజైనర్ ముందు వరసగా ఉంటాయి. నచ్చకపోతే ఒక్క అన్‌డూతో ఆ రన్ మొత్తం వెనక్కి పోతుంది.