కుండలో నీళ్లు చల్లబడని ఊరికి పరుగుకు పోయేముందు

"ఎండ గురించి మన అనంతపురమోళ్లకా చెప్పేది?"

జనవరిలో జరిగే ముంబయి మారథాన్‌కు మా గుంపులో పేర్లిచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి నోట ఈ మాట వస్తుంది. ఈసారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో అన్నది ఇరవై రెండేళ్ల పిల్లోడు. వాడిది మంచి పరుగు, అంతకంటే మంచి మనసు. చూపులేని పిల్లల హాస్టల్ కోసం చందాలు పోగుచేస్తూ, తొలిసారి 42.195 కిలోమీటర్లు పరిగెత్తబోతున్నాడు. వాడి కోసం, వాడిలాగే అనుకునేవాళ్లందరి కోసం ఇది రాస్తున్నా.

మే నెలలో ఇంట్లో ఇసుక మీద పెట్టుకునే మట్టికుండను గుర్తు తెచ్చుకోండి. బయట 42 డిగ్రీలున్నా నీళ్లు చల్లగానే ఉంటాయి. కుండ గోడల్లో ఊరిన చెమ్మ మన పొడిగాలికి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అదే కుండను సముద్రం ఒడ్డున పెడితే, అక్కడి గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి, పైన చెమ్మ అట్లే నిలిచి కారిపోతుందే తప్ప నీళ్లు అంతగా చల్లబడవు. మన ఒళ్లూ అంతే. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద పరిగెత్తి వస్తే కాసేపటికే మన బనీను ఆరి, మెడ మీద ఉప్పు తెల్లగా గరగరలాడుతుంది. ముంబయిలో పిండితే నీళ్లు కారేంత తడి చివరిదాకా ఒంటికి అంటుకునే ఉంటుంది. 42 డిగ్రీలకు తట్టుకున్న మనిషి అక్కడ 28కే కూలబడొచ్చు.

ఇంకో సంగతి. మనకు అలవాటైన ఎండ మే నెలది, పరుగేమో జనవరి మూడో ఆదివారం. నవంబరు నుంచి మనం పరిగెత్తేదంతా తెల్లవారుజామున, మంకీ క్యాపులు పెట్టుకుని నడిచే పెద్దాళ్ల పక్కన. ఒంటికి వేడి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. వేడికి దూరమైతే మూడు నాలుగు వారాల్లో ఆ అలవాటు చాలామటుకు పోతుంది. అంటే జనవరి నాటికి మన ఒళ్లు మన ఎండనే మరిచిపోయి ఉంటుంది. 2018 ఏప్రిల్లో లండన్ మారథాన్ రోజున 24.1 డిగ్రీలు నమోదైతే, ఆ పరుగు చరిత్రలోనే అది అత్యంత వేడి రోజయింది. నిదానంగా పరిగెత్తండి, సరదాకు రకరకాల వేషాలు కట్టుకుని రావద్దు అని నిర్వాహకులు ముందే హెచ్చరించారు. 24 డిగ్రీలంటే మనం ఫ్యాన్ తగ్గించుకునే వేడి. చలికాలమంతా సాధన చేసి వచ్చినవాళ్లకు అదే ఎక్కువైంది.

అందుకని పరుగుకు మూడు వారాల ముందు నుంచి, వారానికి ఐదు రోజుల చొప్పున రెండు వారాలు, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో పరిగెత్తండి. తొలిరోజు 20 నిమిషాలు చాలు, మెల్లగా 50, 60 నిమిషాల దాకా పెంచండి. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగానే పోవాలి. ఒంటరిగా పోవద్దు. ఆ రెండు వారాల్లో వేగం సాధన ఏదన్నా ఉంటే అది పొద్దున చల్లని వేళకు పెట్టుకోండి. బీపీ, షుగరు, గుండె సమస్య ఉన్నవాళ్లు, నలభై దాటి కొత్తగా పరిగెత్తేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ ఎండ సాధన మొదలుపెట్టొద్దు. ఒంట్లో నీరు తీసేసే బీపీ మాత్రలు వాడుతుంటే ఆ విషయం తప్పకుండా చెప్పండి.

ఈ రోజుల్లోనే మీ చెమట లెక్క కట్టుకోండి. పరుగుకు ముందు మూత్రానికి పోయి వచ్చి, తక్కువ బట్టలతో తూకం చూసుకోండి. గంట పరిగెత్తాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. ముందు 64.2 కిలోలు, తర్వాత 63.1, మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు అనుకుందాం. తగ్గిన 1.1 కిలోకు తాగిన 0.3 కలిపితే గంటకు 1.4 లీటర్ల చెమట పోయినట్టు. దీన్నంతా తాగి పూడ్చాలని కాదు, కడుపు అంత తీసుకోలేదు. చాలామందికి గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్లు సరిపోతాయి, దాహం చెప్పినట్టు తాగడమే మంచిది.

ఇక్కడ మన పెద్దల సలహాను కొంచెం పక్కన పెట్టాలి. "బాగా నీళ్లు తాగు నాయనా" అనేది పొలంలో పనిచేసేటప్పుడు చల్లని మాటే. ఐదు గంటలు నిదానంగా పరిగెత్తేవాళ్లు కనిపించిన ప్రతి టేబుల్ దగ్గరా గ్లాసు మీద గ్లాసు ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. వాళ్లలో చాలామంది పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటల పైన పరిగెత్తినవాళ్లు. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడటం దాని గుర్తులు. అట్లాంటప్పుడు ఇంకా నీళ్లు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పరుగయ్యాక మీ బరువు ముందుకంటే ఎక్కువ ఉండనే కూడదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ కొనేటప్పుడు వెనక రాసింది చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం ఒక ప్యాకెట్ 20.5 గ్రాములు, కలపాల్సింది ఒక లీటరు నీళ్లలో. అరలీటరు సీసాలో ప్యాకెట్ మొత్తం వేస్తే చిక్కనై కడుపులో తిప్పుతుంది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తియ్యని పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆమెకు మనం చాలా రుణపడి ఉన్నాం. ఇంట్లో సాధన రోజుల్లో ఉప్పేసిన పలచటి మజ్జిగ కంటే మంచిది నాకు తెలిసి లేదు. పరుగు రోజున మాత్రం వద్దు, కుదుపుకు కడుపు తిరగబడుతుంది.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెబుతున్నా. మోకాలు లాగుతోందని పొద్దున్నే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని లైన్లో నిలబడేవాళ్లను చూశాను. నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. మాత్ర వేసుకుంటే తప్ప పరిగెత్తలేని మోకాలుంటే ఆ రోజు పరిగెత్తొద్దు. ఆ వారంలో జ్వరం వచ్చినా, విరేచనాలైనా అంతే.

ఇక బట్టలు. సాయం చేస్తున్న సంస్థ వాళ్లు ప్రేమతో టీషర్టు ఇస్తారు. ఎదురురొమ్ము నిండా, వీపు నిండా రబ్బరులాంటి అచ్చు వేసి ఉంటుంది. దాన్ని వేలితో తడిమి చూడండి. రెయిన్‌కోటు ముక్కలా ఉంటుంది, గాలి దూరదు. చెమట ఆరాల్సిన చోటంతా మూసుకుపోతుంది. ముందే అడిగి అరచేతి అంత చిన్న అచ్చు వేయించుకోండి. లేదా పలచటి బనీను మీద సంస్థ పేరున్న గుడ్డ ముక్క కుట్టించుకోండి. కాటన్ అయితే తడిసి బరువెక్కి చనుమొనలు ఒరుసుకుపోయి రక్తం వస్తుంది. తొడల మధ్య, చంకల్లో వాసలీన్ రాసుకోవాలి. బట్టలు, బూట్లు, సాక్సులు ఏవీ ఆ రోజు కొత్తవి కాకూడదు.

మనకు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఉండటం అదృష్టం. అనంతపురంలో ఎక్కితే గుంతకల్లు, రాయచూరు, సోలాపూర్, పూణె మీదుగా సీఎస్ఎంటీలోనే దిగుతాం, పరుగు మొదలయ్యేది ఆ స్టేషన్ ముందరే. అయితే ఆ చనువుతో శనివారం దిగేలా టికెట్ తీసుకోవద్దు. పగలంతా రైల్లో కూర్చున్న కాళ్లు, సరిగా పట్టని నిద్ర, పైగా బిబ్ (రొమ్ము మీద పెట్టుకునే నంబరు చీటీ) తీసుకోవడానికి పరుగెత్తడం, ఇవన్నీ కలిసి ఆదివారం పొద్దున బయటపడతాయి. గురువారమో శుక్రవారమో చేరండి. చిత్రాన్నం, ఉడికించిన చెనక్కాయలు ఇంటి నుంచి తొలిరోజుకు మాత్రమే కట్టుకుపోండి. అక్కడ పరుగు అయ్యేదాకా బండి మీది చట్నీలు ముట్టుకోవద్దు.

ఫుల్ మారథాన్ చీకట్లోనే మొదలవుతుంది. అక్కడ జనవరిలో పొద్దు పొడిచేది ఏడుంపావు ప్రాంతంలో. ఆ రెండు గంటలే మోసం చేస్తాయి. చల్లగా ఉంటుంది, జనం అరుస్తుంటారు, కాళ్లు వాటంతటవే పోతుంటాయి. ఐదు గంటల్లో ముగించేవాళ్లకు ఆఖరి రెండున్నర గంటలూ ఎండే. సముద్రపు వంతెన మీద చెట్టు నీడ ఉండదు. వెనక్కి వచ్చేటప్పుడు అలసిన కాళ్లకు పెడ్డర్ రోడ్ ఎక్కుడు ఎదురవుతుంది. రూటు అప్పుడప్పుడు మారుతుంటుంది కాబట్టి ఆ ఏటి మ్యాప్ చూసుకోండి. ఇక్కడి చల్లటి పొద్దుల్లో మీరు పరిగెత్తిన వేగానికి, కిలోమీటరుకు కనీసం 20, 30 సెకన్లు మొదటి నుంచే ఎక్కువ వేసుకోండి. ఎండెక్కాక తగ్గిద్దాంలే అనుకుంటే అప్పటికే ఒళ్లు కాగి ఉంటుంది. ఇచ్చిన నీళ్లలో సగం తల మీద, మెడ మీద పోసుకోండి. ఐసు దొరికితే టోపీలో పెట్టుకోండి.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. కొన్నేళ్ల కిందట వేరే పెద్ద ఊరి మారథాన్‌లో ఇద్దరం పక్కపక్కనే పరిగెత్తాం. ఓ పిల్లోడి ఆపరేషన్ కోసం వాడు చందాలు తెచ్చాడు, కిలోమీటరుకు ఇంత అని మాట తీసుకుని. 33వ కిలోమీటరు దగ్గర వాడి అడుగు రోడ్డు మీద తెల్లగీతకు అటూ ఇటూ పడటం చూశాను. కూర్చోరా అంటే కసిరాడు, వాడెప్పుడూ నా మీద కసిరింది లేదు. "నిలబడితే ఎట్లక్కా? దుడ్లిచ్చినోళ్లకు ఏం చెప్పల్ల?" అన్నాడు. ఇంకో వంద అడుగులు పోయాక, "గుంతకల్లు ఇంకా రాలేదా?" అని అడిగాడు. నాకు కాళ్లలో వణుకు పుట్టింది. భుజం పట్టి లాక్కుపోయి మెడికల్ టెంటులో పడేశాను. ప్లాస్టిక్ తొట్టిలో ఐసునీళ్లు పోసి మెడదాకా ముంచారు. ఇరవై నిమిషాలకు నన్ను గుర్తుపట్టి ఏడ్చాడు. అంతసేపూ వాడి ఒంటి మీద చెమట కారుతూనే ఉంది.

చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగులో వచ్చే వడదెబ్బకు ఒళ్లు తడిగానే ఉండొచ్చు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తడబడటమే అసలు గుర్తు. అడుగులు తూలడం, కారణం లేని కోపం, అడిగిందే అడగడం, చలి పుట్టడం, ఇవి కనిపిస్తే ఆ మనిషి తన గురించి తాను చెప్పే మాట నమ్మొద్దు. నీడకు చేర్చి, మెడికల్ సిబ్బందిని పిలిచి, వాళ్లు వచ్చేలోపే చల్లార్చడం మొదలుపెట్టండి. తొట్టి ఉంటే మెడదాకా ముంచి, తల మునగకుండా ఒకరు పట్టుకోవాలి. లేకుంటే ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. ముందు చల్లార్చాలి, తర్వాతే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మత్తులో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. జంటగా పరిగెత్తండి, ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒకరినొకరు ఏదన్నా అడుగుతూ ఉండండి: ఇంటి ముందర వీధి పేరు, ఈరోజు ఏ వారం. బిబ్ వెనక పేరు, రక్తం గ్రూపు, వాడే మందులు, ఆ ఊళ్లోనే ఉన్న ఒకరి ఫోన్ నంబరు రాసుకోండి.

నిర్వాహకులే ఆపమంటే వాదించొద్దు. 2007 అక్టోబరు 7న షికాగోలో వేడి పెరిగిపోయి మారథాన్‌ను మధ్యలోనే ఆపేశారు.

చందాల విషయంలో నేను చెప్పేది ఇదీ. కిలోమీటరుకు ఇంత అని ఎవరి దగ్గరా మాట తీసుకోవద్దు. ఆ లెక్కే మా తమ్ముణ్ని 33 దాటించింది. అడిగే మొదటి మెసేజ్‌లోనే రాయండి: "నేను పరుగు మధ్యలో ఆపినా మీరిచ్చింది సంస్థకే చేరుతుంది. ఒంట్లో బాగలేకుంటే ఆపేస్తాను." ఇది చదివి ఇవ్వడం మానేసినవాళ్లను నేనింతవరకు చూడలేదు. డబ్బు మీ ఫోన్‌పేలోకి కాకుండా నేరుగా సంస్థ ఖాతాకే వేయించండి. ఆదాయపన్ను మినహాయింపు కోసం రసీదు కావాలనేవాళ్లకు రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదని ముందే చెప్పండి.

లైను దాటగానే కూలబడొద్దు, పది నిమిషాలు నడవండి. కళ్లు తిరిగితే పడుకుని కాళ్లు పైకి పెట్టండి. ఆ సాయంత్రం మూత్రం నల్ల టీ రంగులో వచ్చినా, ఆరు గంటలైనా అసలు రాకపోయినా ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఆదివారం రాత్రి అక్కడే పడుకునేలా చూసుకోండి, ఉద్యాన్ ఎటూ మరుసటి పొద్దునే.

మా పిల్లోడు నిన్న మెసేజ్ పెట్టాడు: పన్నెండింటికి గ్రౌండ్‌కు వస్తాడంట, తూకం మిషన్ కూడా తెస్తాడంట.