హీట్ పంప్ గీజర్ పాఠాలు – 3: కాయిల్ మీద ఐసు కడితే

ధనుర్మాసంలో ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇది. తెల్లారుజామున తలకు పోసుకుందామంటే నీళ్లు గోరువెచ్చగా వస్తాయి, మిద్దె మీదికెక్కి చూస్తే యూనిట్‌కు తెల్లగా ఐసు పట్టి ఉంటుంది.

ఈ గీజర్ గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది. ఆ వేడిని లాగాలంటే కాయిల్, అంటే లోపల గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, గాలికన్నా ఎనిమిది, పది డిగ్రీలు చల్లగా ఉండాలి. బయట 16 ఉంటే కాయిల్ 6, 8 దగ్గరుంటుంది, సున్నాకు దిగదు కాబట్టి ఐసు కట్టకూడదు. అందుకే తిరుపతిలో ఐసు కట్టిందంటే తప్పు చలిది కాదు, మిషన్‌ది. పలమనేరు, కుప్పం వైపు బాగా చలిపెట్టిన రోజు కొంచెం పట్టొచ్చు, డీఫ్రాస్ట్‌లో, అంటే మిషన్ తనంతట తానే ఐసు వదిలించుకునేటప్పుడు, అదే కరిగిపోతుంది. అప్పుడు ఆవిరి లేస్తుంది, నీళ్లు కారతాయి, చాలా మోడళ్లలో ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఐదు, పది నిమిషాల పని. కంగారుపడి స్విచ్ కట్టేయకండి.

ఐసు ఎక్కడ కట్టిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. కాయిలంతా సమంగా తెల్లబడితే గాలి ఆడడం లేదు: ఫిన్‌లలో (గొట్టాల మీది పల్చటి రేకుల్లో) దుమ్ము, ఎదురుగా ఆరేసిన దుప్పటి, నీరసంగా తిరిగే ఫ్యాన్. ఇవేవీ కాకపోతే డీఫ్రాస్ట్ సెన్సార్‌ను అనుమానించాలి. గ్యాస్ కాయిల్‌లోకి దిగే చోట రెండు మూడు గొట్టాలకే గడ్డకట్టి, మిగతాదంతా పొడిగా ఉంటే గ్యాస్ తగ్గింది.

ముందు ఎంసీబీ దించండి. మామూలు బోరు నీళ్లు మెల్లగా పోస్తే ఐసు కరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే గొట్టం చిల్లుపడుతుంది, మరిగే నీళ్లూ వద్దు. ఫిన్‌లను మెత్తటి బ్రష్‌తో నిలువుగా తుడవండి. కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

మళ్లీ వేశాక పదిహేను నిమిషాలాగి, లోపలికెళ్లే గాలినీ ఫ్యాన్ నుంచి వచ్చే గాలినీ థర్మామీటర్‌తో కొలవండి. నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీల తేడా ఉంటే బాగున్నట్టే. ఒకటి, రెండే ఉంటే కంప్రెసర్ తిరగడం లేదేమో, గ్యాస్ లేదేమో.

ఈ లోపం చాలాకాలం బయటపడదు, ఎందుకంటే చాలా మోడళ్లలో ట్యాంకు లోపలి కరెంటు రాడ్డు ఆ పని చేసేస్తుంది. 200 లీటర్లను 20 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి 7 యూనిట్ల వేడి కావాలి. పంపు బాగుంటే రెండున్నర యూనిట్ల లోపే అయిపోతుంది, రాడ్డయితే ఏడూ కాలుస్తుంది. మీటరు చూసుకోండి.

గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకుంది. జాయింట్ల దగ్గర నూనె మరక వెతికించండి, సబ్బు నురగ పెట్టించండి. లీకు మూసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలంతా లాగేసి, నేమ్‌ప్లేట్ మీదున్న గ్రాముల లెక్కన తూచి ఎక్కించాలి. ఊరికే కాస్త గ్యాస్ కొట్టి పోతానంటే ఒప్పుకోకండి.

రిపేరయ్యేదాకా టైమర్‌ను మధ్యాహ్నం 1 నుంచి 4కు మార్చండి. ఎండ గాలికి ఐసు బెడద తగ్గుతుంది, ట్యాంకు ఇన్సులేషన్ బాగుంటే మరుసటి తెల్లారికీ వేడి నిలుస్తుంది. వచ్చే పాఠం బోరు నీళ్ల సున్నం గురించి.