టెక్కలి రాతి మీద నిలిచే లేజర్ అద్దం మౌంట్

కాలేజీ ల్యాబులో లేజర్‌ను గురి పెట్టాలంటే అద్దాన్ని రెండు దిక్కులా కొద్దికొద్దిగా వంచే మౌంట్ కావాలి. దాన్ని లేత్ షాపులో కోయించిన రెండు అల్యూమినియం పలకలతో చేసుకోవచ్చు. 70 మి.మీ. చదరం, 10 మి.మీ. మందం చాలు. కిటుకంతా ఆ రెండూ ఒకదాన్నొకటి మూడే చోట్ల తాకడంలో ఉంది.

వెనక పలకలో ఒక మూల గుంట తవ్వి, సైకిల్ షాపులో దొరికే పావు అంగుళం స్టీలు బాలు కూర్చోబెట్టండి. ముందు పలకలో దానికి ఎదురుగా మరో గుంట. వెనక పలకలోనే ఆ మూల నుంచి రెండు అంచుల వెంట సరిగ్గా 50 మి.మీ. దూరంలో 6 మి.మీ. కంతలు వేసి, సర్క్యూట్ బోర్డుల కింద పెట్టే ఎం3 (3 మి.మీ. మర) ఇత్తడి స్పేసర్లను ఆరల్డైట్ జిగురుతో బిగించండి. 10 మి.మీ. పొడవు, లోపల ఆసాంతం మర ఉండాలి. మామూలు నట్టు పెడితే పట్టు చాలక బోల్టు ఊగుతుంది.

వీటిలో దూరే 25 మి.మీ. ఎం3 బోల్టు తలను డ్రిల్లు చక్‌లో పట్టించి తిప్పుతూ, కొసను ఆకురాయితో గుండ్రంగా రుద్ది ఎమరీతో నునుపు చేయండి. ఈ కొస నేరుగా అల్యూమినియాన్ని తాకకూడదు. మెత్తటి లోహంలో గుంట పడి, తిప్పినప్పుడు లేజర్ చుక్క ఆగి ఆగి గెంతుతుంది. అందుకే ముందు పలక మీద ఒక కొస కింద హ్యాక్సా బ్లేడు ముక్క అంటించండి. రెండోదాని కింద విరిగిన డ్రిల్లు బిట్ల కాడలు రెండు పక్కపక్కనే పెడితే గాడి అవుతుంది. గాడి బాలు వైపే చూడాలి. పక్కకి తిరిగితే ఒక బోల్టు తిప్పినప్పుడు రెండో దిక్కూ కదులుతుంది.

పలకల్ని దగ్గరకు లాగడానికి రెండు లాగుడు స్ప్రింగులు, మూడు తాకుడు చోట్ల మధ్య త్రికోణం లోపలే ఉండాలి. పెన్ను స్ప్రింగులు పనికిరావు. మరలోని వదులును పీల్చేది ఈ బిగువే. మరకి చిక్కటి గ్రీజు రాయండి. సరిచేసేటప్పుడు చివరి మలుపు ఎప్పుడూ స్ప్రింగు మీదికి బిగించే వైపే ఉండాలి.

లెక్క ఇదీ: ఎం3 మర ఒక చుట్టుకి 0.5 మి.మీ. జరుగుతుంది. బాలు నుంచి బోల్టుకి ఉన్న 50 మి.మీ. దూరానికి అది 10 మిల్లీరేడియన్ల (అర డిగ్రీకి కొంచెం పైన) వంపు. ప్రతిఫలించిన కిరణం రెట్టింపు తిరుగుతుంది కాబట్టి 5 మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క 100 మి.మీ. నడుస్తుంది. బోల్టును 10 డిగ్రీలు తిప్పితే దాదాపు 2.8 మి.మీ.

అద్దానికి పైముఖం మీదే పూత ఉండాలి. ఇంటి అద్దం రెండు చుక్కలు చూపిస్తుంది. దాన్ని ముందు పలకకి మూడు బొట్లు సిలికాన్‌తో అంటించండి. వెనకంతా ఆరల్డైట్ పూస్తే గట్టిపడేటప్పుడు ముడుచుకుని అద్దాన్ని వంచేస్తుంది.

బల్లకి ప్లైవుడ్ వద్దు. మన తీరపు తేమకి ఉబ్బుతుంది, పొద్దున్న పెట్టిన గురి సాయంత్రానికి తప్పుతుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు గ్రానైటు కోసేచోట మిగిలిన 20 మి.మీ. నీలిరాయి ముక్క అడగండి. 450×300 మి.మీ. ముక్క 7 కిలోల పైన తూగుతుంది. మౌంట్‌ను బిగించడానికి రాతిలో మర కోయలేం. నీళ్లు పోస్తూ డైమండ్ బిట్‌తో కంత వేసి, నట్టును ఆరల్డైట్‌తో దింపాలి. కింద రబ్బరు కాళ్లు మూడే పెట్టండి. నాలుగైతే ఒకటి తేలి బల్ల ఊగుతుంది.

పరీక్షకి 1 మిల్లీవాట్ లోపు లేజరే వాడండి, ఉంగరం, వాచీ తీసేయండి, కిరణాన్ని కంటి ఎత్తులో ఉంచకండి. ఫ్యాను ఆపి, 5 మీటర్ల గోడ మీద చుక్కని గుర్తుపెట్టి, ముందు పలకను వేలితో కొంచెం ఎత్తి వదలండి. చుక్క 1 మి.మీ. లోపల తిరిగి వస్తే మౌంట్ సరిగా కుదిరినట్టే. రాకపోతే మొదట గుంటల్లో లోహపు పొడి ఉందేమో చూడండి, తర్వాతే స్ప్రింగు మార్చండి.