ఊళ్లోని కళాకారులతో కలిసి పనిచేయడం ఎలా? గోదావరి డెల్టాలో ఉంటున్న గ్రాఫిక్ డిజైనర్లకు

హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అమలాపురం తిరిగొచ్చిన కొత్తలో నాకు ఒకటే బెంగ. ఇక్కడ మనలాంటివాళ్లు ఎవరున్నారని? ఆర్నెల్లపాటు గది తలుపేసుకుని, మొహం కూడా చూడని క్లయింట్లకు లోగోలు చేసుకుంటూ కూర్చున్నాను. మా వీధి చివరి ప్రెస్సులో రోజూ పదకొండింటికి బోర్డులు రాసే పెయింటరు, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు, నాటకాలకి మేకప్ వేసే మాస్టారు, ప్రెస్సు ఓనరు టీకి చేరతారని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. నేను వెతుకుతున్న గుంపు అదే. కాకపోతే దానికి పేరూ లేదు, వాట్సాప్ గ్రూపూ లేదు.

మీరు ఆర్నెల్లు పోగొట్టుకోకుండా ఏం చేయొచ్చో చెబుతాను.

1. ముందు కాళ్లకు పని చెప్పండి

ఓ వారం ఊరంతా తిరగండి. ఫ్లెక్సీ షాపు, ఆఫ్‌సెట్ ప్రెస్సు, శుభలేఖల కొట్టు, వినాయక విగ్రహాలు చేసే షెడ్డు, నాటక పోటీలు పెట్టే పరిషత్తు, సంక్రాంతికి వెదురుతో, గుడ్డలతో దేవుడి ప్రభలు కట్టేవాళ్లు, ఇళ్లల్లో లేసు అల్లే ఆడవాళ్లు. వీళ్లలో ఎవరూ తమని తాము డిజైనర్లని చెప్పుకోరు. అయినా రంగు, కొలత, అక్షరం అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి.

రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఓ గంట గడపండి. ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయాడు, ముప్పై ఏళ్లయినా నిండలేదు. ఆ కుర్రాడి చేతిలో పనితనం ఉందని కనిపెట్టి ప్రోత్సహించింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజు కూడా ఆ దొర దగ్గర తయారైనవాడే. రామారావు పోయాక ఆ బొమ్మలు చెదిరిపోకుండా చూసింది వరదా వెంకటరత్నం వంటి స్నేహితులు. ఓ ప్రిన్సిపలు, నలుగురు స్నేహితులు. వందేళ్ల కిందట మన దగ్గర పని జరిగింది అంతమందితోనే.

2. ప్రెస్సులో కూర్చోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన దగ్గర చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతోనే పని నడుస్తోంది. మనం ఫోన్‌లో, కంప్యూటర్‌లో టైపు చేసేది యూనికోడ్. ఈ రెండూ ఒకదానికొకటి అర్థం కావు. అనులో కొట్టిన మేటర్ మీ దగ్గర పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తుంది. మీరు పంపిన ఫైలు మీరు వాడిన ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలు చెదిరిపోయి ఉంటాయి. అందుకని ప్రెస్సుకి ఇచ్చేముందు ఇలస్ట్రేటర్‌లో అయితే క్రియేట్ అవుట్‌లైన్స్, కోరెల్‌డ్రాలో అయితే కన్వర్ట్ టు కర్వ్స్ కొట్టి, అంటే అక్షరాల్ని బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్ చేసి పంపండి. అవుట్‌లైన్ చేశాక తప్పు దిద్దడం కుదరదు. దిద్దుకోవడానికి వీలున్న ఫైలు ఒకటి వేరే పేరుతో దాచుకోండి.

ఫోటోషాప్‌లో తెలుగు రాసేముందు వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోండి. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు.

నాకు ఊళ్లో దొరికిన మొదటి పని నాటక పోటీల కరపత్రం. రాత్రంతా కూర్చుని చేశాను. బ్యాక్‌గ్రౌండ్‌లో గోదావరి, పడవ, సూర్యాస్తమయం, ఒకటేమిటి అన్నీ పెట్టేశాను. వెయ్యి కాపీలు అచ్చయ్యి వచ్చాయి. పరిషత్తు కార్యదర్శిగారు కళ్లజోడు సర్దుకుని బహుమతుల జాబితా చదువుతూ ఒకచోట ఆగారు. ‘ఉత్తమ స్త్రీ పాత్రధారిణి’ అని ఉండాల్సిన చోట ‘స్త్రీ’ కింది వత్తులు ఊడిపోయి ‘ఉత్తమ స్‌త్‌రీ’ అని ఉంది. “ఏటండీ బాబూ, నాటకం మొదలవకుండానే హీరోయిన్ని మూడు ముక్కలు చేసేశారు!” అన్నారాయన. తప్పు నాదే, ప్రూఫ్ నేనే చూశాను. కళ్లు సూర్యాస్తమయం మీద ఉంటే వత్తులేం కనిపిస్తాయి?

మళ్లీ అచ్చేయడానికి డబ్బూ లేదు, టైమూ లేదు. ప్రెస్సు ఓనరు ఆ ఒక్క లైనూ చిన్న స్టిక్కర్లుగా కొట్టిచ్చారు. పెయింటరు గారు, ఫోటోగ్రాఫరు, మేకప్ మాస్టారు, నేను రాత్రి రెండింటిదాకా నేలమీద కూర్చుని వెయ్యి కాగితాలకూ అంటించాం. మర్నాడు పదకొండింటి టీలో నాకూ ఒక గ్లాసు వచ్చింది.

కాబట్టి ప్రూఫ్‌ని మీ కళ్లతో మాత్రమే చూసి వదిలేయకండి. ఊళ్లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరైనా ఉంటారు. ఇంటికి తీసుకెళ్లి చూపించండి. ఆయనకి పని, మీకు పరువు.

3. అక్షరాలు రాసేవాళ్ల దగ్గర నేర్చుకోండి

ఫ్లెక్సీలొచ్చాక బోర్డు పెయింటర్ల పని బాగా తగ్గిపోయింది. ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి. నేను కిరాణా కొట్టు బోర్డుకి డిజైన్ చేసి మా పెయింటరు గారికి చూపిస్తే ఆయన రంగులూ చూడలేదు, ఫాంటూ చూడలేదు. “దీన్ని ఏ బస్సులోంచి చూత్తారబ్బాయ్?” అన్నారు. ఇద్దరం రోడ్డు అవతలికి వెళ్లి నిలబడ్డాం. నా ఫోన్‌లో అందంగా ఉన్న సన్నటి అక్షరాలు అక్కడినుంచి గీతల్లా కూడా కనపడవని అర్థమైంది. తలకట్టుకీ పైవరుస వత్తుకీ మధ్య గాలాడాలని కూడా ఆయనే చెప్పారు. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ స్పేసింగ్ తెలుగుకి చాలదు. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి కంటితో సర్దుకోండి.

ఆయన చేతిరాతని ఫోటో తీసి మీ డిజైన్‌లో వాడుకుంటే డబ్బివ్వండి, పేరు వేయండి. అడక్కుండా వాడేసుకోవడం దొంగతనమే. బాపు పుట్టింది మన నరసాపురంలోనే, 1933లో. ఆయన రాతని చూసి రాసిన అక్షరాలు మన శుభలేఖల మీద ఎన్నో. కనీసం మీ ఊరి బాపుకైనా ఆయన వాటా ఆయనకి అందాలి కదా.

ఫాంట్లు కొనే స్తోమత లేకపోతే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి, సూరన్న వంటివి ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికీ వాడుకోవచ్చు.

4. ఏడాదికి ఒక్క పండగ పట్టుకోండి

అన్ని కమిటీల్లోనూ దూరకండి. ఒకటి పట్టుకుని మూడేళ్లు ఉండండి. మా వైపైతే కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల, అంటే పదకొండు శివరూపాల ప్రభలు 11 ఊళ్లనుంచి తోటకి చేరతాయి. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

ఇక్కడ నా సలహా ఒకటే: ప్రభ జోలికి పోకండి. వెదురు ఎలా వంచాలో, ఏ గుడ్డ ఎక్కడ చుట్టాలో తరతరాలుగా వాళ్లకి తెలుసు. మనం వెళ్లి ‘కలర్ ప్యాలెట్ మారుద్దాం’ అంటే నవ్వుతారు, నవ్వాలి కూడా. మన పని వేరే ఉంది. బళ్లు ఎక్కడ ఆపాలి, మంచినీళ్లు ఎక్కడ, ప్రభలు ఏ గట్టు మీదుగా వస్తాయి, తప్పిపోయిన పిల్లల్ని ఎక్కడ అప్పగించాలి. ఈ బోర్డులు ఎవరికీ పట్టవు, అందరికీ కావాలి.

ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఎంత సైజులో ఉండాలన్న గొడవలోకి మాత్రం దిగకండి. కమిటీ ప్రెసిడెంటు చేత కాగితం మీద వరుస రాయించి సంతకం పెట్టించుకోండి, అంతే.

5. లేసు, పూతరేకులు

నరసాపురం లేసుకి 2024లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అలాగని ఆ ముద్రని మనిష్టం వచ్చినట్టు అట్టపెట్టె మీద వేసేయకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే ఆ హక్కు. ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి. పూతరేకుల పెట్టె చేస్తుంటే బొమ్మ కంటే ముందు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరుకీ, శాకాహారం పచ్చ గుర్తుకీ, బరువుకీ, తయారీ తేదీకీ, ఎంఆర్‌పీకీ చోటు వదలండి. లేకపోతే చివర్లో స్టాంపు తెచ్చి మీ డిజైన్ నడినెత్తిన కొడతారు.

లేసుకి కావాల్సింది మంచి కేటలాగు. తెల్ల లేసుని తెల్ల బల్ల మీద పెట్టి తీస్తే ఏమీ కనపడదు. కింద ముదురురంగు చీర ఒకటి పరవండి, పక్కన స్కేలు పెట్టండి, కిటికీ వెలుగులో తీయండి. అల్లినావిడ పేరు వేయొచ్చా అని ఆవిణ్ణే అడగండి.

6. డబ్బుల మాట

“మనోడివే కదా, ఓ పోస్టర్ కొట్టిచ్చెయ్” అన్న మాట వారానికోసారి వింటారు. కాదంటే పొగరంటారు, ఔనంటే అలుసైపోతారు. నేను ఏడాదికి రెండు పనులు ఉచితమని ముందే చెప్పేస్తాను, ఒకటి నాటకాలకి, ఒకటి గ్రంథాలయానికి. వాటికి కూడా బిల్లు రాసి, మొత్తం వేసి, కింద ‘విరాళం’ అని రాసిస్తాను. మూడో వాళ్లు వస్తే ఆ బిల్లే చూపిస్తాను.

7. నెలకోసారి కలవండి

హాలు అక్కర్లేదు, ప్రెస్సు మేడ చాలు. ప్రతి ఒక్కరూ తాము చెడగొట్టిన పని ఒకటి తేవాలని రూలు పెట్టండి. బాగా వచ్చినవి తెమ్మంటే పొగడ్తలతోనే టైమైపోతుంది. నా స్టిక్కరు కరపత్రం ఇప్పటికి మూడుసార్లు తీసుకెళ్లాను.

మొదటి మీటింగు ఆషాఢంలో పెట్టుకోండి. ముహూర్తాలుండవు కాబట్టి ప్రెస్సులూ ఫోటోగ్రాఫర్లూ ఖాళీగా ఉంటారు. శ్రావణం వచ్చిందంటే ఒక్కడూ ఫోనెత్తడు.