జావా పల్లెలో నెల్లాళ్ళు – 4వ పాఠం: అయిందా? ఇంకా కాలేదు

పోయిన పాఠంలో ఇండోనేషియన్ ఉచ్చారణ చూశాం. అందులో ఒక్కటి గుర్తుంటే చాలు: చిన్నప్పుడు పలక మీద ఙ, ఞ అని దిద్ది, మళ్ళీ జన్మలో వాడని రెండక్షరాలు మనకున్నాయే, అవి ఇక్కడ రోజంతా పనికొస్తాయి. కాఫీ తాగడం ‘ఙోపి’, కబుర్లాడుకోవడం ‘ఙోబ్రోల్’, దోమ ‘ఞాముక్’. మాస్టారు ఊరికే దిద్దించలేదన్నమాట.

ఈ పాఠం ఊళ్ళో అడుగు పెట్టిన మొదటి సాయంత్రం గురించి. ఊరు చిప్తగెలార్. పశ్చిమ జావాలో సుకబుమి జిల్లా, హలిమున్ కొండల్లో ఉంటుంది. పెలబుహాన్ రతు అనే సముద్రపు ఊరి నుంచి పైకి ఎక్కాలి, చివరి రోడ్డు గురించి నేను చెప్పను, బైకు వెనక కూర్చుని మీరే తెలుసుకోండి. ఇక్కడివాళ్ళ ఇంటిభాష సుందా. ఇండోనేషియన్ అందరికీ వచ్చు, కానీ రెండు ముక్కలు సుందాలో అంటే ముఖం విప్పారుతుంది.

ఆ రెండు ముక్కలు: ‘పుంతెన్’, ‘మంగ్గ’. ఎవరింటి ముందు నుంచి వెళ్తున్నా, అరుగు మీద నలుగురు కూర్చున్న చోటు దాటుతున్నా, కొంచెం వంగి, కుడిచెయ్యి కిందికి చాపి ‘పుంతెన్’ అనాలి. ఏమీ అనుకోకండి, వెళ్తున్నాను అని. వాళ్ళు ‘మంగ్గ’ అంటారు, రండి, వెళ్ళండి, కానివ్వండి, అన్నీ అదే. ఇండోనేషియన్లో మంగ్గ అంటే మామిడిపండు కూడా. మొదటి రోజు నాకు ప్రతి ఇంట్లోనూ మామిడిపండు ఇస్తామంటున్నారేమో అనిపించింది.

తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. మొదటిది ‘మౌ కె మానా?’, ఎక్కడికి? మన ఇళ్ళల్లో బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే అమ్మమ్మ కళ్ళెర్రజేసేది, అపశకునమని. ఇక్కడ అదే పలకరింపు. నిజంగా ఎక్కడికో చెప్పనక్కర్లేదు, ‘జాలన్-జాలన్’ అంటే, ఊరికే అలా తిరిగొద్దామని, సరిపోతుంది. రెండోది ‘దారి మానా?’, ఎక్కణ్ణించి? ‘ఇండియా’ అనగానే ఎవరో ఒకరు ‘అచా, అచా’ అని తల ఊపి చూపిస్తారు, షారుఖ్ ఖాన్ పేరు కూడా వస్తుంది. మీది తెలుగు అని అక్కడ వివరించబోకండి, చీకటి పడిపోతుంది.

మూడోది అసలైంది. ‘సుదా మకన్?’

ఇంగ్లీషు ద్వారా ఇండోనేషియన్ నేర్చుకునేవాళ్ళు ఈ ‘సుదా’ దగ్గర తంటాలు పడతారు. మనకి అక్కర్లేదు. సుదా అంటే ‘అయింది’. సుదా మకన్, భోజనం అయిందా. సుదా మండి, స్నానం అయిందా. సుదా మెనికా, పెళ్ళయిందా. వాక్యం మన నోట్లోనే ఉంది, మాటలు మార్చుకోవడమే. జవాబు కూడా అంతే: అయితే ‘సుదా’, లేకపోతే ‘బెలుమ్’, ఇంకా కాలేదు. బెలుమ్‌లో బె తేల్చి పలకండి, దాదాపు ‘బ్‌లుమ్’ అనేటట్టు.

నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి రాత్రి ఆకలి లేదు, బస్సులో కడుపు తిప్పేసింది. పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దావిడ, నేను ‘ఇబు’, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని, సుదా మకన్ అంది. ‘తిదా’ అన్నాను, లేదు అనే అర్థంలో. ఆవిడ గరిటె గాల్లోనే ఆగింది. ఒక క్షణం నావైపు చూసి, మూత తీసిన గిన్నె మీద మళ్ళీ మూత పెట్టేసింది. పక్కనున్న కుర్రాడు తర్వాత చెప్పాడు, తిదా అంటే ‘తినను’ అన్నట్టు ఉంటుందని, తలుపు వేసినట్టు. బెలుమ్ అంటే తలుపు తెరిచే ఉంటుంది, తింటాను, ఇప్పుడు కాదు, అంతే.

అందుకే యాభై ఏళ్ళ బ్రహ్మచారి అయినా పెళ్ళయిందా అంటే బెలుమ్ అనే అంటాడు. పిల్లలున్నారా, బెలుమ్. బాలి చూశారా, బెలుమ్. వద్దనుకున్నా, ఇక అవ్వదని తెలిసినా బెలుమే. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళని ‘సుఆమి మానా?’ అని కూడా అడుగుతారు, మీ ఆయన ఏరీ అని. సుఆమి మన ‘స్వామి’యే, భార్య ‘ఇస్త్రి’. కోప్పడకండి, అదీ పలకరింపే.

మరి తిదా ఎప్పుడు? ఎప్పుడూ చెయ్యని పనికి. శాకాహారులు ఈ వాక్యం కంఠతా పట్టండి: ‘సాయ తిదా మకన్ దాగింగ్’, నేను మాంసం తినను. మనిషినో వస్తువునో ‘కాదు’ అనాలంటే ‘బుకాన్’. మలేషియా వాళ్ళా? బుకాన్, ఓరాంగ్ ఇండియా, అంటే ఇండియా మనిషిని. కాదుకీ లేదుకీ మనం తేడా చూపిస్తాం కాబట్టి ఇదీ ఉచితంగా వచ్చేసినట్టే.

చిప్తగెలార్‌లో ఆ భోజనం ప్రశ్న ఊరికే అడిగేది కాదు. ఏడాదికి ఒక్కసారే వరి వేస్తారు, ఆకాశంలో నక్షత్రాలు చూసి విత్తుతారు. కోతకి కొడవలి పెట్టరు, అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో వెన్ను వెన్నూ కోసి, కట్టలు కట్టి, ఎండబెట్టి ‘లూఇత్’లో పెడతారు. లూఇత్ అంటే గాదె, కాళ్ళ మీద నిలబెట్టిన చిన్న ఇల్లులా ఉంటుంది. (ఈ ‘ఊ’కి పెదాలు చుట్టకండి, నవ్వుతున్నట్టు సాగదీసి ‘ఉ’ అనండి. మన లిపిలో దానికి అక్షరం లేదు.) మిల్లు పట్టించరు, రోకళ్ళతో దంచుతారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ బియ్యం అమ్మరు. వరి వాళ్ళకి ఒక దేవత, జావా అంతా ‘దేవి శ్రీ’ అని, సుందాలో ‘ఞి పొహాచి’ అని అంటారు. శ్రీ ఎవరో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ‘ఇమా గెదే’లో, అంటే ఊరి పెద్దింట్లో, కంచం ముందు కూర్చుని ఎంత అని అడగొద్దు. వెళ్ళేటప్పుడు తోచింది ఇవ్వండి.

సుందాలో బెలుమ్ ‘తు అచన్’. ఆ ‘తు’ కూడా నవ్వు ముఖంతోనే.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. మామూలు ఊళ్ళలో మలుపు దగ్గర బోర్డు కనపడుతుంది, అతిథులు 24 గంటల్లోపు చెప్పాలని. ఎవరికి? ‘ఎర్‌టే’కి, ఆ కొద్ది ఇళ్ళకి పెద్ద. పాస్‌పోర్టు కాపీ తీసుకెళ్ళి చెప్పడాన్ని ‘లాపోర్’ అంటారు. ఊరు మొత్తానికి పెద్ద ‘కెపాల దేసా’, మన కపాలమూ మన దేశమూనూ. వాళ్ళకి దేశమంటే పల్లె, ‘కోతా’ అంటే నగరం. దిగిన చోట ఇచ్చే వీసా 30 రోజులు, ఒక్కసారి పొడిగిస్తే ఇంకో 30. ఇక్కడే స్థలం కొనుక్కుని ఉండిపోదామనుకునేవాళ్ళకి, 1960 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడికి పూర్తి హక్కు రాదు, వాడుకునే హక్కే వస్తుంది. ‘స్థానిక స్నేహితుడి పేరు మీద కొనేద్దాం’ అని ఎవరైనా అంటే అక్కణ్ణించి జాలన్-జాలన్.

ఇంటిపని. పైకి చదువుతూ జవాబు చెప్పండి, మనసులో కాదు.

సాయంత్రం నాలుగున్నర, మీరు పొద్దునే స్నానం చేశారు, ఎదురింటి పెద్దాయన ‘సుదా మండి?’ అన్నాడు. ఏమంటారు? (జాగ్రత్త, ఆయన అడుగుతున్నది సాయంత్రం స్నానం.)

కాఫీ ఇస్తూ ‘మనిస్?’ అన్నారు, తియ్యగా ఉందా అని. లేదు. తిదానా, బెలుమా?

పక్కింటి పాప మీ ఫోన్లో మీ అక్క ఫొటో చూసి ‘ఇస్త్రి?’ అంది. ఇప్పుడు?

జవాబులు వచ్చే పాఠంలో. అది స్నానాల గది గురించి: నీళ్ళ తొట్టి, ‘గయుంగ్’ అనే చెంబు. మనకి కొత్త కాదు కాబట్టి చిన్న పాఠమే. కొండ మీద పొద్దున్నే ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో మాత్రం కాస్త పెద్దగా రాస్తాను.