మొదటి హాట్ టబ్ కొంటున్నారా? జెట్లు లెక్కపెట్టకండి, మూత ఎత్తి చూడండి

ఒహాయోలో డిసెంబరు రాత్రి, బయట 25 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లోనే చెబుతున్నాను, ఇక్కడ టబ్బుల మీద అంకెలన్నీ అవే. మెడ వరకు 102 డిగ్రీల నీళ్ళలో కూర్చుంటే వారమంతా కంప్యూటర్ ముందు బిగుసుకుపోయిన భుజాలు పది నిమిషాల్లో వదులవుతాయి. ఆ హాయి తెలుసు కాబట్టే, ఎవరైనా కొనాలా వద్దా అని అడిగితే నేను కొనమనే అంటాను. కాకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ ఆపాలో తెలిశాకే కొనండి. మా ఇంట్లో ఇప్పుడున్నది రెండో టబ్బు. మొదటిది కొన్నప్పుడు ఇవి చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలేదు.

ముందు ఒక మాట గట్టిగా చెబుతాను. టబ్బు మీద అంటించిన ధర మీ బడ్జెట్ కాదు. దాని కింద వేసే కాంక్రీటు, కరెంటు పని, డెలివరీ, మూత ఎత్తే లిఫ్టర్, మెట్లు, నీళ్ళలో వేసే మొదటి మందుల డబ్బా, ఇవన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. చేతిలో 6 వేల డాలర్లు ఉంటే టబ్బు కోసం 4 వేలే ఉన్నాయనుకుని వెతకడం మొదలుపెట్టండి. అప్పుడే మధ్యలో టెన్షన్ ఉండదు.

బడ్జెట్లో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. గాలి నింపేవి కొన్ని వందల డాలర్లలోనే వస్తాయి, ఇంటెక్స్, కోల్‌మన్ పేర్లతో పెద్ద స్టోర్లన్నిట్లో కనబడతాయి. రెండోది గట్టి ప్లాస్టిక్ షెల్‌తో, అంటే తొట్టితో, మామూలు 120 వోల్టుల ప్లగ్గులో పెట్టుకునేది, దీన్నే ప్లగ్ అండ్ ప్లే అంటారు. మూడోది యాక్రిలిక్ షెల్, 240 వోల్టులు, ఎలక్ట్రీషియన్ వచ్చి కలపాల్సిందే. అన్నట్టు, అందరూ జకూజీ అని పిలిచేస్తారు గానీ అది ఒక కంపెనీ పేరు. వెతికేటప్పుడు హాట్ టబ్ అనో స్పా అనో వెతికితేనే మిగతావన్నీ కనబడతాయి.

గాలి టబ్బు మీద నాకు చిన్నచూపు లేదు. అసలు మీ ఇంట్లో వారానికి ఎన్నిసార్లు దిగుతారో తెలుసుకోవడానికి అంతకంటే చవకైన దారి లేదు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకైతే అదే సరైనది. కానీ చాలావాటి మాన్యువల్లోనే బయట 40 డిగ్రీల కంటే చల్లబడితే వాడొద్దని రాసి ఉంటుంది, మాకు ఆ సంగతి నవంబరులో తెలిసింది. అట్టపెట్టె మీద మంచులో కూర్చున్న కుటుంబం బొమ్మ ఉన్నా సరే, మాన్యువల్ తెరిచి ఆ ఒక్క లైను చదవండి. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటే ఏడాదిలో ఎక్కువ రోజులు పనికొస్తుంది. మాలాంటి చోట సరిగ్గా కావాల్సిన నెలల్లోనే మడిచి గరాజ్‌లో పెట్టాలి.

ఇక వేడి లెక్క. ఇది అర్థమైతే సేల్స్‌మన్ చెప్పే మాటల్లో సగం వాటంతటవే రాలిపోతాయి. ఒక గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, కాబట్టి 350 గ్యాలన్లంటే 2,900 పౌండ్ల పైమాటే. కుళాయి నీళ్ళు 55 డిగ్రీలున్నాయనుకుంటే వాటిని 102కి తీసుకురావడానికి దాదాపు 40 యూనిట్ల కరెంటు కావాలి, హీటర్ ఏదైనా సరే. తేడా అంతా సమయంలోనే. 120 వోల్టుల టబ్బులో హీటర్ ఒక కిలోవాటు ఉంటే 40 గంటలు, 240లో ఐదున్నర కిలోవాట్లుంటే ఏడు గంటల పైన. పైగా 120 వోల్టుల వాటిలో జెట్లు, అంటే నీళ్ళను ఒత్తిడితో చిమ్మే రంధ్రాలు, జోరుగా పనిచేస్తున్నంతసేపు హీటర్ మామూలుగా ఆగిపోతుంది. ఇద్దరు దిగి అరగంట కూర్చుని లేచేదానికి ఇబ్బంది లేదు. శనివారం సాయంత్రం రెండు కుటుంబాలు కలిసి, పిల్లలు ఒక విడత, పెద్దలు ఒక విడత అంటే రెండో విడత వాళ్ళు గోరువెచ్చని నీళ్ళతో సరిపెట్టుకోవాలి. కొన్ని మోడళ్ళను ముందు 120 మీద వాడుకుని తర్వాత 240కి మార్చుకోవచ్చు. డబ్బు విడతలవారీగా పెట్టాలనుకునేవాళ్ళు అవి చూడండి.

నీళ్ళు ఒకసారి వేడెక్కాక ఖర్చంతా ఆ వేడిని నిలబెట్టడానికే. అందుకే జెట్లు 30 ఉన్నాయా 60 ఉన్నాయా అన్నది నేను అడగను, పక్క ప్యానెల్ విప్పి లోపల ఫోమ్ ఎంతుందో చూపించమంటాను. కాలిఫోర్నియా నిబంధనల వల్ల చాలా టబ్బుల మీద స్టాండ్‌బై వాట్లు ఎన్నో తెలిపే లేబుల్ ఉంటుంది, మూత వేసి ఊరికే ఉంచినప్పుడు ఎంత లాగుతుందన్నమాట. అది 200 వాట్లయితే నెలకు 144 యూనిట్లు, యూనిట్ 17 సెంట్లు అనుకుంటే 24 డాలర్ల పైన. మంచు కాలంలో ఇంకా పెరుగుతుంది, కానీ రెండు మోడళ్ళు పక్కపక్కన పెట్టి పోల్చడానికి అంతకంటే నిజాయితీగల అంకె దొరకదు.

అన్నిటికంటే మూత ముఖ్యం. వేడి పైకే పోతుంది, ఆవిరి పైనుంచే పోతుంది. మూత లోపల ఫోమ్ పలకలు ప్లాస్టిక్ తొడుగులో ఉంటాయి. ఆ తొడుగు ఎక్కడైనా చిరిగితే ఆవిరి లోపలికి దూరి ఫోమ్ నీళ్ళు పీల్చుకుంటుంది, ఆ తర్వాత వేడి ఆపదు సరికదా ఇద్దరు పట్టినా లేవదు. పాత టబ్బు చూడ్డానికి వెళ్ళినప్పుడు మూత ఒక అంచు ఒంటిచేత్తో ఎత్తండి. బరువుగా తగిలితే కొత్త మూతకి ఓ 500 డాలర్లు ధరలోంచి తగ్గించి మాట్లాడండి. మంచు పడిన మర్నాడు వెళితే ఇంకా మంచిది. మూత మీద మంచు అంతా చెక్కుచెదరకుండా ఉండి, మధ్య మడత దగ్గర మాత్రం గీత గీసినట్టు కరిగి తడిగా కనబడితే అక్కడినుంచి వేడి పోతోందన్నమాట. మాది మొన్నటి చలికాలం అలాగే కనబడింది. నీళ్ళ మీద తేలే పల్చటి థర్మల్ షీట్ ఒకటి వేశాక ఆ గీత చాలావరకు పోయింది.

సెకండ్ హ్యాండ్ కొనడం మంచిదే, నేను సమర్థిస్తాను, ఒక్క షరతు మీద. నీళ్ళు నింపి, వేడిగా, నడుస్తున్న టబ్బే కొనండి. చలికాలంలో టబ్బు ఖాళీ చేసి పైపుల్లో మిగిలిన నీళ్ళు ఊది తీయకపోతే అవి గడ్డకట్టి పైపులు, పంపు పగులుతాయి, ఎండి ఉన్నంతకాలం ఆ పగులు ఎవరికీ కనబడదు. నేను మొదట చూసిన టబ్బు యజమాని “పోయినేడు వరకు బ్రహ్మాండంగా పనిచేసింది” అని ఎండు టబ్బు చూపించాడు. నింపి చూపించమంటే కుదరదన్నాడు, వచ్చేశాను. నడుస్తున్నదైతే ప్యానెల్ విప్పించి టార్చి వేసి చూడండి. జాయింట్ల దగ్గర ఆకుపచ్చ పొర, అడుగున తడి, ఫోమ్‌లో ఎలుక గూళ్ళు ఉన్నాయేమో చూడాలి. పంపు పెట్టగానే కీచుమంటే బేరింగులు పోతున్నట్టే. మోడల్, సీరియల్ నంబరు, వోల్టులు, ఆంపులు ఉన్న స్టిక్కర్ ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి ఆ మోడల్‌కి విడిభాగాలు దొరుకుతున్నాయో లేదో వెతకండి. లోపల కంట్రోల్ బోర్డు బాల్బోవా, గెకో లాంటి పేరున్న కంపెనీదైతే రిపేరుకు ఇబ్బంది పడనక్కర్లేదు. టబ్బును తరలించే మనుషులకు అయ్యే ఖర్చు కూడా ధరలోనే కలుపుకోండి, నలుగురు స్నేహితుల నడుములతో అయ్యే పని కాదది.

కొత్తది కొంటే షోరూముకి ఈత బట్టలు పట్టుకెళ్ళండి. నీళ్ళు నింపిన టబ్బులో దిగి చూడటాన్ని వెట్ టెస్ట్ అంటారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, డీలర్లకి అలవాటే. ఐదడుగుల రెండంగుళాల మనిషి పడుకునే సీట్లో కూర్చుంటే నీళ్ళు పైకి తేల్చేస్తాయి. మా ఆవిడ దిగి చూడబట్టే ఆ సీటున్న మోడల్ వద్దనుకున్నాం. ఆరుగురు పడతారని రాసినదాంట్లో నలుగురు హాయిగా కూర్చుంటారు. వారంటీ ఎన్నేళ్ళని అడిగితే షెల్‌కి ఉన్న పెద్ద అంకె చెబుతారు, పంపుకి, హీటర్‌కి, ఇంటికొచ్చి చేసే మనిషి కూలికి ఎన్నేళ్ళో విడివిడిగా రాయించుకోండి. ఎక్స్‌పోల్లో ఈ ఒక్కరోజే అన్న ధరకి సంతకం పెట్టకండి. షోరూములో చూపించడానికి ఉంచినవి, గీతలు పడ్డవి ఏమైనా ఉన్నాయా అని నోరు తెరిచి అడిగితే మాత్రం నిజంగానే తగ్గిస్తారు.

కరెంటు దగ్గర పొదుపు వద్దు. 240 వోల్టుల టబ్బుకి సాధారణంగా 50 ఆంపుల జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) కావాలి, ఆపేసే స్విచ్ టబ్బుకి కనీసం 5 అడుగుల దూరంలో, కనబడేచోట ఉండాలి. ఇంట్లో ఇప్పటికే ఈవీ ఛార్జర్ ఉంటే మెయిన్ ప్యానెల్ మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే లెక్క వేయించండి. నాకు ముగ్గురు ఇచ్చిన కొటేషన్లు 900 నుంచి 2,100 డాలర్ల దాకా ఉన్నాయి, మెయిన్ ప్యానెల్ నుంచి టబ్బు దాకా ఉన్న దూరాన్ని బట్టి ఖర్చు పెరుగుతుంది. టబ్బును పదిహేనడుగులు ఇటు జరిపితే ఎంత తగ్గుతుందని అడిగాను, బాగానే తగ్గింది. 120 వోల్టులదైనా దానికంటూ ఒక సర్క్యూట్ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ కార్డు వాడనే కూడదు.

డెక్ మీద పెడదామనుకునేవాళ్ళు ఆగండి. ఏడడుగుల చదరపు టబ్బు 700 పౌండ్లు, నీళ్ళు 2,900, మనుషులు 750, మొత్తం చదరపు అడుగుకి దాదాపు 90 పౌండ్లు. ఇళ్ళ డెక్కులు మామూలుగా 40 పౌండ్ల లోడ్‌కి కడతారు. నేల మీద నాలుగంగుళాల కాంక్రీటో, సమంగా దిమ్మిస కొట్టిన కంకర పొరో వేసి పెట్టుకోండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి, సిటీ పర్మిట్, కంచె నిబంధన, ఈ మూడూ డబ్బు కట్టకముందే కనుక్కోవాలి. అలాగే టేపు తీసుకుని పక్క గేటు వెడల్పు, దారిలో ఏసీ యూనిట్, గ్యాస్ మీటర్ ఎంత ముందుకొచ్చాయో కొలవండి. టబ్బును పక్కకి తిప్పి నిలబెట్టి తెస్తారు కాబట్టి పైన చెట్ల కొమ్మలు కూడా చూడాలి.

నీళ్ళ సంగతి. పీహెచ్ 7.2 నుంచి 7.8, క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో మూడు పాళ్ళు) ఉండాలి, టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడటం రెండు నిమిషాల పని, వారంలో మూడుసార్లైనా చేయండి. ఈతకొలనుకి వాడే ట్రైక్లోర్ బిళ్ళలు వేయకండి, డైక్లోర్ పొడి వాడండి. మూడు నాలుగు నెలలకోసారి నీళ్ళు మార్చాలి. మన ఇళ్ళలో ప్రత్యేకంగా ఒకటుంది, తలకి కొబ్బరినూనె. నూనె తలతో ఇద్దరు దిగితే చాలు, జెట్లు పెట్టగానే నురగ అంచు దాకా వస్తుంది, ఫిల్టర్ జిడ్డుకడుతుంది. దిగే ముందు అందరూ స్నానం చేయాలని, డిటర్జెంట్ వాసన లేకుండా ఉత్త నీళ్ళతో జాడించిన బట్టలే వేసుకోవాలని మా ఇంట్లో నియమం. ఐదేళ్ళ లోపు పిల్లల్ని దించకూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులకి హాయిగా ఉంటుందని మనకి ఆశ ఉంటుంది, కానీ బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే. ఎవరికైనా 104 డిగ్రీలు దాటకూడదు. మూతకి తాళం తప్పకుండా వేయండి.

టబ్బు వచ్చిన రోజు తొందరపడి బ్రేకర్ వేయకండి. హోస్ పైపును టబ్బు మధ్యలో వదలకుండా ఫిల్టర్ ఉండే గూడులో దింపి నింపండి, పైపుల్లో గాలి ఇరుక్కోకుండా నీళ్ళు కిందినుంచి పైకి వస్తాయి. మట్టం గీత దాటాకే కరెంటు ఇవ్వాలి. పంపు తిరుగుతోంది గానీ జెట్లలోంచి నీళ్ళు రావట్లేదంటే గాలి పట్టినట్టు, ఆపి మళ్ళీ పెడుతూ రెండు మూడుసార్లు చూడండి, బుడబుడమని గాలి వదిలి దారిలో పడుతుంది. ఆ తర్వాత క్లోరిన్ వేసి మూత వేసేయండి. 240 వోల్టులదైతే పొద్దున నింపితే రాత్రి భోజనాలయ్యాక దిగొచ్చు, 120దైతే శనివారం దిగాలంటే గురువారమే నింపాలి.